ఎర్రకారు నీలిపొగ

స్టీరింగు చేతికొస్తే రూప్లాకు కళ్లు నెత్తికెక్కుతాయని తండాలో చిన్నాపెద్దా అందరూ అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు. దమ్మపేట దాటాక అడవి అంచున ఉన్న ఆ తండాలో మొట్టమొదట లైసెన్సు తీసుకున్న మనిషి అతనే మరి. తాతముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు మోసుకుంటూ ఊళ్లు తిరిగారు. తండ్రి సంతల్లో ఎద్దుల బేరాలు చేశాడు. రూప్లా మాత్రం ఇంజను మోత వినబడితే ముందున్న అన్నం వదిలేసి బయటికి పరిగెత్తే రకం. కలప కాంట్రాక్టరు దగ్గర లారీ తుడవడంతో మొదలుపెట్టి, జీపు తోలి, చివరికి పాల్వంచలో ఫ్యాక్టరీ షెడ్లు కట్టే ఒక కంపెనీలో వ్యాను డ్రైవరయ్యాడు. ఖాకీ చొక్కా తొడుక్కుని తండాకు వచ్చిన రోజున ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఒక పట్టాన పలికేవాడు కాదు. "డ్రైవర్ సాబ్" అంటే చాలు, మూడిళ్ల అవతల ఉన్నా చెవిన పడేది.

ఎనభై ఏడులో షెడ్లు కట్టడం పూర్తయింది. కంపెనీ వ్యానుతో సహా సర్దుకుని వెళ్లిపోయింది. రూప్లాకు ఖాకీ చొక్కా మిగిలింది. కొన్నాళ్లు పాల్వంచ బస్టాండు వెనక బండ్లు బాగుచేసే మౌలాలి మేస్త్రి రేకుల షెడ్డులో కూర్చుని, వచ్చే పోయే బండ్లను చూసి నిట్టూరుస్తూ కాలక్షేపం చేశాడు. అక్కడే ఒకరోజు ఎర్రకారు కంటబడింది.

రెండే తలుపులు. పైన గట్టి కప్పు లేదు, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు. ఫ్యాక్టరీలో రిటైరైన ఇంజనీరు పిచ్చేశ్వరరావుగారిది. ఆయన వయసులో ఉన్నప్పుడు మద్రాసులో కొన్నాడట. కాలనీ పిల్లలంతా దాన్ని స్పోర్ట్స్ కారు అనేవారు. పెద్దవాళ్లు మూతలేని కారు అనేవారు. రావుగారు గుంటూరులో ఇల్లు కట్టుకున్నారు, ఆ సందులో ఎద్దుబండే తిరగదు, ఇక కారెక్కడ పెడతారు? అందుకని అమ్మేస్తున్నారు. ఆ మాట మౌలాలి నోట వినగానే రూప్లా మనసు పారేసుకున్నాడు.

"పెండ్లాంతో చెప్పినవా?" అన్నాడు మౌలాలి.

"ముందు కారు చూడనీ భాయ్, పెండ్లాం యాడికి పోతది!"

ఇది ఉత్త ముచ్చట కాదు. రూప్లా తలలో ఒక ఆలోచన ఎప్పటినుంచో మెదులుతోంది. ఆ మధ్య కాంట్రాక్టరు కొడుకు పెళ్లికి ఖమ్మం నుంచి మూతలేని కారు కిరాయికి తెప్పించారు. పెళ్లికొడుకు వెనక సీటు పైన, నడుము నిటారుగా పెట్టి, పూలదండల మధ్య రాజులా కూర్చున్నాడు. తండాలో, పక్కన కోయగూడేల్లో పెళ్లికొడుకులు కాలినడకనో, లారీలో వడ్ల బస్తాల పక్కన నిలబడో పోతారు. రూప్లా తన పెళ్లికి మోకాళ్ల దాకా బురదలో నడిచి పోయాడు. మనోళ్ల పిల్లగాడు కూడా ఒక్కపూట గట్ల కూర్చుంటే ఏం పోయింది అని అతనికి రోషంగా ఉండేది. కిరాయి తక్కువైనా సరే, అడవిపట్టు పెళ్లిళ్లన్నీ తనవే అవుతాయి. మళ్లీ స్టీరింగు చేతికొస్తుంది.

అయితే కారు ఊరికే రాదు. రూప్లా ఇంట్లో అమ్మితే ధర పలికేది ఒక్కటే, ఎడ్ల జత. అది పేరుకే రూప్లాది. దూడలప్పుడు పుట్టింటి నుంచి తోలుకొచ్చి, పాలు తాపి, పేలు ఏరి, అరక నేర్పింది అతని భార్య పూలి. మొగుడు పాల్వంచలో వ్యాను తోలుకుంటుంటే ఆ ఎడ్లతో జొన్నచేను దున్ని ఇల్లు నడిపింది కూడా ఆమే. పెనుబల్లి రైతు ఒకాయన ఆ జత మీద కన్నేసి ఎప్పుడంటే అప్పుడు తీసుకుపోతానంటున్నాడు. కారు మంచిదైతే సరే. చెడ్డదైతే ఎడ్లూ పోతాయి, చేనూ బీడు పడుతుంది, ఖాకీ చొక్కా ఉడకేసుకుని తినాలి.

విషయం విని పూలి అరవలేదు. అరిచి ఉంటే రూప్లాకు తేలికగా ఉండేది.

"మౌలాలి భాయ్ ఏమన్నడు?" అని మాత్రం అడిగింది.

"ఏమంటడు, మంచిగున్నది అన్నడు. పెట్రోలు తాగితే తాగనీ, అది దాని తిండి, ఇంజనాయిల్ తాగుతదేమో చూడు, అది బీమారి అన్నడు."

"మరి తాగుతదా?"

"నాకు తెల్వదా? నేను చూస్త కదా!" అని రూప్లా మీసం దువ్వాడు.

చూశాడు కూడా. రావుగారు తాళాలు ఇచ్చి, "రెండు రోజులు తిప్పుకోవయ్యా, నీకు నచ్చితేనే బేరం" అన్నారు. రూప్లా బానెట్ ఎత్తి, ఆయిల్ గేజి పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూశాడు. నిండుగా ఉంది. పాల్వంచ నుంచి భద్రాచలం దాకా, గోదావరి వంతెన దాటి, మళ్లీ వెనక్కి ఒకటే ఊపున తోలాడు. తర్వాత కిన్నెరసాని వైపు ఎత్తు రోడ్డు ఎక్కించాడు. అద్దంలో చూస్తే వెనక దుమ్ము తప్ప పొగ లేదు. గేజి పుల్ల మళ్లీ తీసి చూస్తే చమురు ఉన్నచోటే ఉన్నట్టుంది. ఇక రూప్లా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. హారను కొట్టుకుంటూ సాయంత్రానికి తండాలో దిగాడు.

తండాకు తండా కారు చుట్టూ మూగింది. ఇరుగింటి బద్యా అద్దాలు తుడిచాడు. రూప్లా తల్లి సోమ్లి సీటును నొక్కి చూసి, "పరుపు కన్న మెత్తగుందిరా" అని మెచ్చుకుంది. తండా నాయకుడు ముసలి ధన్‌సింగ్ లోపలికి ఎక్కి కూర్చుని దిగనన్నాడు. పూలి ఒక్కతే దూరంగా కొట్టం గుంజకు ఆనుకుని నిలబడింది. అందరి సంబరం తగ్గాక దగ్గరికొచ్చింది.

"ఎట్ల చూసినవ్?"

"భద్రాచలం దాక గాలి లెక్క పోయింది. చుక్క పొగ లేదు."

"గాలి లెక్క పోయే పనికా దీన్ని తెస్తున్నవ్?"

రూప్లాకు అర్థం కాలేదు. పూలి కొంగు నడుముకు చెక్కింది. "మీ బాపు సంతల ఎద్దును కొన్నప్పుడు ఏం చేసెటోడు? ఉరికించి చూసెటోడా? అరకకు కట్టి, అరక నడకనే నడిపించెటోడు. చాలు చివర ఆపెటోడు, మల్ల కదిలించెటోడు. ఏ పనికి కొంటే ఆ పని చేయించి చూడాలె. ఇది ఏం పని చేస్తది?"

"పెండ్లి ఊరేగింపు."

"అయితే ఊరేగించు."

తండాలో ఎద్దును కొన్నవాడెవడూ అమ్మినవాడి మాట నమ్మడు. తన అరకకు కట్టి, తన చేలో తిప్పి, ఆగినచోట ఎట్లా ఊపిరి తీస్తుందో చూస్తాడు. ఆ పద్ధతి ఇనుముకు కూడా వర్తిస్తుందని అంతవరకు ఎవరికీ తోచలేదు. ధన్‌సింగ్‌కు ఈ ఉపాయం తెగ నచ్చేసింది. పనీపాటా లేని సాయంత్రం, పైగా నవ్వుకోవడానికి ఒక వంక దొరికింది. రామ్‌సింగ్ డప్పు తెచ్చాడు. ఆడవాళ్లు అద్దాల పైటలు సర్దుకున్నారు. పెళ్లికొడుకు లేడు, పెళ్లికూతురు లేదు, ముహూర్తం అంతకన్నా లేదు. బరువుండాలని వెనక సీటులో రెండు జొన్నబస్తాలు ఎక్కించారు. సోమ్లి వాటి మీద ఒక ఎర్రగుడ్డ కప్పి, ఇద్దరికీ దిష్టి తీసింది.

డప్పు మోగింది. ఆడవాళ్లు ముందు చేతులు కలిపి ఆడుతూ నడుస్తుంటే వెనక ఎర్రకారు మొదటి గేరులో పాకింది. ప్రతి ఇంటి ముందూ ఆగాలి, అది ఊరేగింపు మర్యాద. ఆగినచోటల్లా ఇంజను గుడగుడమంటూ ఉండాలి, ఆట అయ్యాక కదలాలి. రూప్లాకు చచ్చేంత విసుగు. ఇంత నెమ్మదిగా బండి తోలడం పుట్టి ఎరగడు. బద్యా ఇంటి ముందు మరీ చాలాసేపు ఆడారు. "ఇగ నడువుండ్రి!" అని గట్టిగా అరిచి రూప్లా ఎక్స్‌లేటరు తొక్కాడు.

కారు వెనక నుంచి భగ్గున నీలిపొగ లేచింది. మామూలు పొగ కాదు. వెనక నడుస్తున్న ముసలాళ్లు ఒకరికొకరు కనబడకుండా పోయారు. మాడిన నూనె కంపు. ధన్‌సింగ్ తెల్ల తలపాగా విప్పి ముక్కుకు చుట్టుకున్నాడు. పిల్లలు దగ్గుతూనే నవ్వారు. సోమ్లి జొన్నబస్తాల వంక చూసి, "పాపం పెండ్లి పిల్లలు, పెండ్లినాడే మసి కొట్టుకపోయిండ్రు" అన్నది. తండా అంతా పడీపడీ నవ్వింది.

రూప్లాకు తల కొట్టేసినట్టయింది. పక్క ఇంటి ముందు ఆపి మళ్లీ తొక్కాడు. మళ్లీ అదే పొగ. గేజి పుల్ల తీస్తే, భద్రాచలం పోయొచ్చినా తగ్గని చమురు ఈ చిన్న వీధి తిరిగేసరికి కిందికి దిగింది. ఆ పూట అన్నం ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టలేదు.

"రోడ్డు మీద జోరుగ పోతే రాదు గద," అన్నాడు గోడతో మాట్లాడినట్టు. "ఊరేగింపు కూడ కొంచెం జల్దీ జల్దీ కానిస్తే..."

"ఆడోళ్లు ఉరుక్కుంట ఆడాల్నా?" అన్నది పూలి. "వచ్చినోళ్ల మొఖం మీద పొగ కొట్టి పంపిస్తవా? ఎవడో దొర ఇంట్ల పెండ్లి గాదు, మనోళ్ల పెండ్లిళ్లకే అంటివి. మనోళ్లయితే పొగ తాగుతరనా?"

ఆ మాట రూప్లాకు చాలా గట్టిగా తగిలింది. తాను రోషపడింది దేనికో, ఇప్పుడు తానే చేయబోతున్నది ఏమిటో తెలిసొచ్చి సిగ్గేసింది. అయినా కారు మీద ఆశ చావలేదు. ఆశ అనేది అంత తేలికగా చచ్చేదయితే రూప్లా ఎప్పుడో అరక దున్నుకుంటూ హాయిగా ఉండేవాడు.

తెల్లారి మౌలాలి షెడ్డు ముందు కారు ఆపి, జరిగిందంతా చెప్పాడు. జొన్నబస్తాల పెళ్లి దగ్గరికి వచ్చేసరికి మౌలాలి పానా కింద పడేసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ప్లగ్గులు విప్పి చూశాడు. ఇంజను తిప్పమని, ప్లగ్గు రంధ్రాల మీద బొటనవేలు పెట్టి ఒక్కో సిలిండరులో గాలి ఒత్తిడి చూశాడు.

"ఎత్తు ఎక్కినప్పుడు పొగ వచ్చిందా?"

"రాలే భాయ్."

"నిలబడి నిలబడి తొక్కినప్పుడే వచ్చింది?"

"అవ్."

"అరే, నసీబున్నోడివి పో!" అన్నాడు మౌలాలి. రూప్లా తెల్లబోయి అతని మొహంలోకి చూశాడు. మౌలాలి బీడీ ముట్టించుకుని తీరిగ్గా చెప్పుకొచ్చాడు. ఎత్తు రోడ్డు మీద పొగ తోలితే రింగులు, బోరు పోయినట్టు. అప్పుడు ఇంజను మొత్తం విప్పాలి, ఆ ఖర్చుకు ఇంకో కారు వస్తుంది, దండం పెట్టి వదిలేయమని తనే చెప్పేవాడు. నిలబడి గుడగుడలాడేటప్పుడు మాత్రం పైన హెడ్డులో వాల్వ్ గైడ్లు అరిగి, ఆ సందులోంచి చమురు కొద్దికొద్దిగా లోపలికి జారుతుంది. జారిందంతా తొక్కగానే ఒక్కసారి మండుతుంది. హెడ్డు దించి గైడ్లు మారిస్తే సరిపోతుంది, కింద ఇంజను రాయిలాగా ఉంది.

"రోడ్డు మీద ఎంత తిప్పినా ఇది బయటపడేది కాదు రూప్లా. మొదటి పెళ్లిలో బయటపడేది. నీ పెండ్లాం చేతికి మొక్కు."

రూప్లా అప్పటికప్పుడు మొక్కలేదు గానీ, కళ్లు చెమర్చాయి. బీడీ పొగ తగిలిందన్నాడు.

ఇక మిగిలింది రావుగారితో మాట్లాడటం. మేస్త్రితో రహస్యంగా మాట్లాడుకుని, కారు పనికిరాదని భయపెట్టి ధర తగ్గించుకోవచ్చు. సంతలో రూప్లా తండ్రి అయితే ఎద్దు పన్ను కదులుతోందని చెప్పి బేరం చేసేవాడే. రూప్లా దారిపొడుగునా అదే ఆలోచించాడు. కానీ పెద్దాయన గేటు దగ్గరే ఎదురొచ్చి, "ఎలా ఉందయ్యా మా బంగారం?" అని నవ్వుతూ అడిగేసరికి, కట్టుకున్న మాటలన్నీ మరిచిపోయి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

రావుగారు కారు బానెట్ మీద చెయ్యి వేశారు. "రోజూ సాయంత్రం కాలనీలో మెల్లగా ఒక చుట్టు తిప్పేవాణ్ణి రూప్లా. తగ్గినప్పుడల్లా కాస్త ఆయిలు నేనే పోసేవాణ్ణి. పాత బండికి అది మామూలే అనుకున్నాను. వెనక ఎవరైనా దగ్గితే వాళ్లకి జలుబేమో అనుకునేవాణ్ణి," అన్నారు.

"దగ్గినోళ్లు మీకు చెప్పలేదా సార్?"

"ఇంజనీరుగారి కారు కదయ్యా, ఎవరు చెప్తారు!"

ఇద్దరూ నవ్వుకున్నారు. రావుగారు ఆ పూటే ఒక మాట అన్నారు. జబ్బున్న ఎద్దును అమ్మి పోయాడని తండాలో తన పేరు చెప్పుకోవడం ఇష్టం లేదని, హెడ్డు పని తానే చేయించి ఇస్తానని, ధర మాత్రం ముందు అనుకున్నదేనని. మౌలాలి హెడ్డు దించిన రోజుల్లో ఆయన షెడ్డులోనే ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నారు. సొంత బిడ్డకు ఆపరేషన్ జరుగుతున్నంత కంగారు. మౌలాలి మాటిమాటికీ "సార్, జర వెలుతురు వదలండి" అనాల్సొచ్చేది.

బాగైన కారును పూలి మళ్లీ పరీక్ష చేయకుండా వదల్లేదు. ఇంజను ఆపొద్దని చెప్పి, కారు పక్కనే కూర్చుని జొన్నరొట్టె తిన్నది, నీళ్లు తాగింది, తాంబూలం వేసుకుంది. అప్పుడు తెల్లగుడ్డ ఒకటి సైలెన్సరు ముందు పట్టుకుని "తొక్కు" అన్నది. గుడ్డకు పొడిమసి అంటింది. నూనె మరక లేదు. ఆమె గుడ్డను రెండువైపులా తిప్పి చూసి, మడిచి, "పెనుబల్లి ఆయనకు కబురు పెట్టు" అని లోపలికి పోయింది.

ఎడ్లను తోలుకుపోయిన రోజు పూలి చేనుకు వెళ్లి చీకటి పడ్డాక వచ్చింది. ఖాళీ కొట్టం వైపు చూడలేదు. ఆమెతో ఏదైనా మంచిమాట మాట్లాడాలని రూప్లా చాలా అనుకున్నాడు. ఏ మాట చూసినా చిన్నదిగానే తోచింది. ఈ కారు నడవకపోతే తాను మనిషి కాదని ఆ పూట గట్టిగా అనుకున్నాడు.

మొదటి కిరాయి బయటివాళ్లది కాదు, తండాదే. బద్యా కూతురు గోరి పెళ్లి. పెళ్లికొడుకు దేవ్లాది సత్తుపల్లి దారిలో ఇంకో తండా. ఊరేగింపులో దేవ్లా వెనక సీటు పైన నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఆనందంతో నోరు మూతపడలేదు. ప్రతి ఇంటి ముందూ ఆట, ప్రతి ఇంటి ముందూ ఆగడం. రూప్లా ప్రాణమంతా వెనక సైలెన్సరు దగ్గరే ఉంది. పొగ రాలేదు.

చిక్కు మరునాడు పొద్దున, అప్పగింతల దగ్గర వచ్చింది. తండాలో పిల్ల అత్తింటికి కదిలేముందు ఎద్దు వీపు మీద నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, పుట్టింటికీ తండాకూ సెలవు పాట పాడాలి. ఎంతోకాలంగా ఆ పనికి పూలి ఎద్దే వచ్చేది. మీద మనిషి నిలబడి ఎంత ఏడ్చినా అది కొండలా నిలబడేది. ఇప్పుడది పెనుబల్లిలో ఉంది. బద్యా తన కోడె ఎద్దుకు గవ్వల గుడ్డ కప్పి తెచ్చాడు. పక్కనే కారు ఇంజను మోతకు అది బెదిరి తాడు తెంపినంత పని చేసింది. గోరిని ఎక్కించబోతే కాలు ఎత్తి తన్నింది.

"బండి బందు చెయ్యిరా!" అని ధన్‌సింగ్ కసిరాడు.

"పిల్ల ఎల్లేటప్పుడు బండి ఆగితే శకునం మంచిగుండదు కాకా," అన్నాడు రూప్లా. ఆపితే మళ్లీ సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను అందుకుంటుందో లేదో అన్న భయం కూడా ఉంది, అది చెప్పలేదు.

"ఎద్దు ఎక్కకుండ పిల్ల పోతదా? ఇంత బతుకు బతికి మన రివాజు ఇడిచి పెడ్తమా? కారు తెచ్చినవ్, ఎడ్లను అమ్మినవ్, గిట్లనే అయితది మరి!"

అందరూ రూప్లా వైపే చూశారు.  ముసలాయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అప్పుడు గుంపులోంచి పూలి ముందుకొచ్చింది. గోరి చెయ్యి పట్టుకుని తిన్నగా కారు దగ్గరికి నడిపించి, వెనక తలుపు లేదు కనుక ముందు సీటు వంచి, లోపలికి ఎక్కించింది.

"కాకా, నా ఎడ్లు యాడికి పోలే. ఇగో, ఇవే. ఈ బండిల ఉన్నదంత నా ఎడ్లే," అని ఎర్రరేకు మీద అరచేత్తో తట్టింది. "నిలబడు బిడ్డా, ఇది కదలదు. పాడు."

 ధన్‌సింగ్ తలపాగా సర్దుకుని, కోడెను అవతలికి తోలెయ్యమని బద్యాకు చెప్పాడు. గవ్వల గుడ్డ విప్పి సోమ్లి కారు సీటు మీద పరిచింది.

గోరి వెనక సీటు మీద నిలబడింది. చేతులు పైకెత్తింది.  పాట అందుకుంది. అమ్మను తలచుకుంది, నాన్నను తలచుకుంది, నీళ్లు తాగిన వాగును, తనతో గడ్డి కోసినవాళ్లను పేరు పేరునా తలచుకుంది. పిల్లకు తండాలో ఎంతమంది మనుషులుంటే పాటకు అంత పొడుగు. అంతసేపూ ఇంజను మెత్తగా గుడగుడమంటూనే ఉంది. రూప్లా స్టీరింగు మీద చేతులు వేసి, కాలు కదపకుండా, తానే బరువు మోస్తున్నట్టు బిగుసుకుని కూర్చున్నాడు.

పాట అయింది. దేవ్లా ఎక్కి పక్కన కూర్చున్నాడు. ఇక కదలాలి. తండా మొత్తం కారు వెనకే, సైలెన్సరు ఎదుటే నిలబడి ఉంది. రూప్లా ఊపిరి బిగబట్టి ఎక్స్‌లేటరు తొక్కాడు.

అద్దంలో చూశాడు. ధన్‌సింగ్ తలపాగా తెల్లగా కనిపించింది. తల్లి కనిపించింది, బద్యా కనిపించాడు, అందరి మొహాలూ కడిగినట్టు కనిపించాయి. ఒక్కరూ ముక్కు మూసుకోలేదు. అందరూ ఏడుస్తున్నారు. వాళ్ల ముందు పూలి ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, రెండో చేత్తో అరకలో ఎడ్లకు చేసినట్టే "నిదానం, నిదానం" అని సైగ చేస్తోంది. రూప్లా మలుపు దాటేదాకా నిదానంగానే పోనిచ్చాడు. మలుపు దాటాక కూడా జోరు పెంచలేదు.